అల్మరాలో నాలుగు డ్రెస్సులు: ఒకే విద్యా, నాలుగు విద్యలా?

మా అక్క కొడుకు గదిలో అల్మరా తెరిస్తే నాలుగు డ్రెస్సులు వేలాడుతుంటాయి. తెల్లటి కరాటే డ్రెస్సు ఒకటి. తలమీంచి తొడుక్కునే తైక్వాండో డ్రెస్సు ఒకటి. గుండీలకు బదులు గుడ్డ ముడులున్న నల్లటి కుంగ్‌ఫూ డ్రెస్సు. మోకాళ్ల దగ్గర రెండు పొరలు వేసి కుట్టిన నీలం జియు-జిత్సు (నేల మీద పట్లతో లొంగదీసే విద్య) డ్రెస్సు. నాలుగింట్లోకీ ఇదే ఖరీదైంది, చెమటకి తడిస్తే బిందెడు బరువు. వాడికి ఇరవై రెండేళ్లు. మూడేళ్లలో నాలుగు చోట్ల చేరాడు, మూడు చోట్ల మానేశాడు, నాలుగోది మానెయ్యబోతున్నాడు. కరాటేలో పసుపు బెల్టు దాటలేదు, మిగతా చోట్ల మొదలుపెట్టిన దగ్గరే ఆగాడు.

మొన్న దసరాకి వచ్చి, చేతిలో జమ్మి ఆకు పెట్టి, కాళ్లకు దండం పెట్టి, తీరిగ్గా కూర్చున్నాక అసలు సంగతి బయటపెట్టాడు.

"మామా, బాక్సింగ్‌ల చేరుదామనుకుంటున్న. ఏమంటవ్?"

"జియు-జిత్సు ఏమైందిరా?"

"అది మంచిగనే ఉంది. కానీ ఒక్కటే పట్టుకొని కూసుంటే ఎట్ల మామా? అన్నీ రావాలె గద."

అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందని మా నాయనమ్మ అనేది. పండగపూట ఆ సామెత నోటిదాకా వచ్చి ఆగింది. వాడికి ఆ రోజు చెప్పిందీ, చెప్పకుండా మింగిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను మాస్టర్‌ని కాను. పన్నెండో ఏట దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడి ఆవరణలో షోటోకాన్ అనే శైలి కరాటేలో చేరి పదకొండేళ్లు అదే చేశాను. మధ్యలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, పొట్ట. ముప్పై మూడో ఏట బాక్సింగ్, నలభై దాటాక జియు-జిత్సు. ఒక్కటే పట్టుకు కూర్చోవడమూ చూశాను, దారి మార్చడమూ చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువో ఉద్యోగమో ఉన్న మామూలు మనిషి మొదటి మూడేళ్లు ఒక్కటే నేర్చుకోవాలి. తర్వాత రెండోది, అదీ మొదటిదానితో పోలిక లేనిది. మూడోది సరదా. దీనికి మినహాయింపులున్నాయి, వాటి సంగతి కూడా చెబుతాను.

ముందు గంటల లెక్క

వారానికి మూడు క్లాసులు, క్లాసు గంటన్నర అనుకుందాం. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, ఆఫీసులో రిలీజు రాత్రులు తీసేస్తే ఏడాదికి 48 వారాలు. ఇది ధారాళంగా వేసిన లెక్కే. మొత్తం 144 క్లాసులు, 216 గంటలు. ప్రతి క్లాసులో మొదటి అరగంట పరుగుకీ, ఒళ్లు సాగదీయడానికీ, దండీలకీ బస్కీలకీ పోతుంది. అది 72 గంటలు. విద్యకు మిగిలేది 144 గంటలు. దాన్ని మూడు విద్యలకు పంచితే తలా 48. ఏడాది పొడుగునా కష్టపడితే ఒక్కో విద్యకు దక్కేది, మనం ఆఫీసులో ఒక వారం కూర్చునేంత సమయం.

ఇంకో లెక్క ఉంది, ఇది మరీ చేదు. క్లాసులో స్పారింగ్, అంటే ఎదురుబొదురు పోరు సాధన, పదిహేను నిమిషాలు జరిగితే గొప్ప. ఎదుటివాడు మన మాట వినకుండా ఎదురు తిరిగినప్పుడు మనకొచ్చింది పనిచేస్తుందా లేదా అని తెలిసేది ఆ పదిహేను నిమిషాల్లోనే. 144 క్లాసులకు అది 36 గంటలు. మూడు ముక్కలు చేస్తే పన్నెండేసి గంటలు. పన్నెండు గంటల అనుభవంతో ఎవరైనా కారు ఇచ్చి అమీర్‌పేట చౌరస్తాలోకి తోలమంటే తోలతామా?

దీనికి మావాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఒళ్లు ఒక్కటే గద మామా, ఒకదాంట్ల వచ్చింది ఇంకోదాంట్ల పనికిరాదా?" కొంత పనికొస్తుంది. నిలకడ, ఊపిరి, దూరం అంచనా, దెబ్బ తగిలితే బెదరకపోవడం, ఇవి ఎక్కడ నేర్చినా ఎక్కడైనా అక్కరకొస్తాయి. కానీ మిగతావి అక్కరకు రాకపోగా ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. ఆ కొట్లాట నా ముక్కు మీద జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నడుం దగ్గరికి పోయిన చెయ్యి

కరాటేలో హికితే అని ఒకటుంది. ఒక చెయ్యి పంచ్ కొడుతుంటే రెండో చెయ్యి పిడికిలి బిగించి వెనక్కి, నడుం దగ్గరికి వస్తుంది. పదకొండేళ్లలో ఎన్ని వేలసార్లు చేసుంటానో. కుమితేలో, అంటే కరాటే పోరులో, చెయ్యి పైనే ఉంచమని మాస్టర్ అరిచేవారు, కాదనను. అయితే ఒళ్లు అలిసిపోయాక అరుపులు వినదు, మొట్టమొదట నేర్చుకున్నదానికే పోతుంది.

బాక్సింగ్‌లో చేరిన రెండో నెలలో మొదటిసారి రింగులోకి దింపారు. ఎదురుగా పంతొమ్మిదేళ్ల కుర్రాడు, సన్నగా చింతబరికెలా ఉన్నాడు. మొదటి రౌండు బాగానే నెట్టుకొచ్చాను. రెండో రౌండులో ఆయాసం మొదలైంది. ఎడమ చేత్తో జాబ్, అంటే తిన్నగా వెళ్లే పంచ్, విసిరాను. నా కుడి చెయ్యి గడ్డం పక్కన ఉండాలి. అది నన్ను అడక్కుండా, చక్కగా, మా కరాటే మాస్టర్ చూస్తే మురిసిపోయేంత అందంగా నడుం దగ్గరికి వెళ్లి కూర్చుంది. ముఖం కుడివైపంతా ఖాళీ. ఆ కుర్రాడి ఎడమ హుక్, పక్కనుంచి వంపు తిరిగే పంచ్, వచ్చింది. కళ్లలో నీళ్లు, ముక్కులో రక్తం. రౌండు ఆపి వాడు అన్నాడు, "అంకుల్, మీ చెయ్యి కిందికి పోతోంది." దెబ్బ కంటే ఆ 'అంకుల్' ఎక్కువ తగిలింది. ఆ చెయ్యి పైన నిలబడటం నేర్చుకోవడానికి అయిదు నెలలు పట్టింది.

ఇందులో కరాటే తప్పు లేదు, బాక్సింగ్ గొప్పా లేదు. ప్రతి విద్యలో నిలబడే తీరు దాని నియమాలకు పుట్టిన బిడ్డ. తైక్వాండో పోటీలో ముఖం మీద పంచ్ కొట్టకూడదు. పంచ్ ఛాతీ మీద కొడితే ఒక పాయింటు, ఒంటి మీద కిక్‌కి రెండు, తల మీద కిక్‌కి మూడు, తిరిగి తన్నితే ఇంకా ఎక్కువ. అలాంటి చోట చేతులు కిందికి వదిలి కాళ్లతో ఆడటమే తెలివి. అదే మనిషి అదే నిలువుతో బాక్సింగ్ రింగులోకి వస్తే నా గతే. బాక్సర్ ముందుకాలి మీద బరువు వేసి వంగి నిలబడతాడు, ఎందుకంటే కాలి మీద తన్నేవాడు అక్కడ ఎవరూ లేరు. కాళ్లతో కూడా తన్నే థాయ్‌లాండ్ బాక్సింగ్, మువాయ్ థాయ్ వాడి ఎదుట అలా నిలబడితే తొడ మీద రెండు తన్నులు పడేసరికి కుంటుకుంటూ బయటికొస్తాడు.

అన్నిటికంటే నాకు వింతగా తోచేది నేల సంగతి. మన కుస్తీలో వీపు నేలకు ఆనిందా, చిత్తయ్యావు, ఆట అయిపోయింది. జూడోలో ఎదుటివాణ్ని ఊపుగా, పట్టు విడవకుండా వీపు మీద పడేస్తే ఇప్పాన్, అంటే పూర్తి గెలుపు, అక్కడితో సరి. అదే వీపు జియు-జిత్సులో నేలకు ఆనితే ఆట అప్పుడే మొదలవుతుంది. కాళ్లతో ఎదుటివాడి నడుం చుట్టేసి, కింద ఉన్నవాడే పైనున్నవాడి మెడ పట్టుకుంటాడు. తాలీంఖానాలో, అంటే కుస్తీ నేర్పే చోట, పెరిగిన పహిల్వాన్‌కి వీపు నేలకు తగలబోతుంటే ఒళ్లంతా భయంతో మెలితిరిగి బోర్లా పడుతుంది, జియు-జిత్సు వాడికి వీపు అప్పగిస్తుంది. వాడు వెనకనుంచి మెడ పిసుకుతాడు. కుస్తీలో ప్రాణం కాపాడిన అలవాటే ఇక్కడ ప్రాణం తీస్తుంది.

మొదటి ఏడాదిలోనే ఈ రెండిటినీ ఒకేసారి నేర్చుకునేవాడి సంగతి ఆలోచించండి. సోమవారం వీపు ఆనకూడదు, బుధవారం వీపే ఇల్లు. ఒంటికి ఏదీ ఎక్కదు. ఆపద సమయంలో ఏది చెయ్యాలో తేల్చుకునేలోపు పని అయిపోతుంది.

అలాగని రెండోది ఎప్పటికీ వద్దని కాదు. వరినారు తెలిసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. నారుమడిలో వేరు పట్టాక ఒకసారి పీకి నాటితే దుబ్బు కడుతుంది. వారం వారం పీకి మడి మారుస్తూ పోతే ఎండిపోతుంది. నాకు బాక్సింగ్‌లో చెయ్యి దిద్దుకోవడానికి అయిదు నెలలే పట్టిందంటే కారణం, ఏది తప్పుతోందో, ఎందుకు తప్పుతోందో నాకు కనబడింది. వేరు ఉంది కాబట్టి.

పాతవాళ్లు చేసిందేమిటి

నాలుగు నేర్చుకోవాలనేవాళ్లు బ్రూస్ లీ పేరు ఎత్తుతారు. ఒక్కటే చాలనేవాళ్లు జపాన్ గురువుల పేర్లు ఎత్తుతారు. ఇద్దరూ సగమే చెబుతారు.

జిగొరో కానో 1882లో జూడో మొదలుపెట్టాడు. ఆయన అంతకుముందు తెంజిన్ షిన్యో-ర్యూ, కితో-ర్యూ అనే రెండు జుజుత్సు (జపాన్ పాత పట్ల విద్య) సంప్రదాయాలు నేర్చినవాడు. ఒకటి ప్రధానంగా నేల మీద పట్లకూ గొంతు బిగింపులకూ, రెండోది పడేయడాలకూ పేరు. ఈరోజు మనం 'ఒకే విద్య' అనుకునే జూడో నిజానికి రెండు విద్యల కాపురం. 1922లో ఒకినావా దీవి నుంచి జపాన్ ప్రధాన భూభాగానికి కరాటే తీసుకెళ్లిన ఫునకోషికి ఇద్దరు ముఖ్య గురువులు. ఆయన శిష్యుడు ఒత్సుకా కరాటేకి తన జుజుత్సు కలిపి వాదో-ర్యూ అనే కరాటే శైలి పెట్టాడు. ఎవరూ ఒకే బావి నీళ్లు తాగలేదు. అయితే ఎవరూ వారానికో బావి మార్చలేదు కూడా. బ్రూస్ లీ కూడా ముందు హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ అనే కుంగ్‌ఫూలో కూర్చున్నవాడే. ఆయన సొంత విద్యకి జీత్ కునే దో అనే పేరు 1967లో వచ్చింది. పేరొచ్చిన సంవత్సరం అందరికీ తెలుసు, దానికి ముందున్న ఏళ్లు ఎవరూ లెక్కపెట్టరు.

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ, రకరకాల విద్యలవాళ్లు తలపడే పోటీ, ఇంకా తమాషా. బాక్సర్, కరాటే వాడు, సుమో వాడు, అందర్నీ ఒకే పంజరంలో దింపారు. ఒక బాక్సర్ ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. గెలిచింది పెద్ద కండలేమీ లేని రాయిస్ గ్రేసీ, ఒక్క జియు-జిత్సుతో. 'చూశారా, ఒక్కటి చాలు' అని ఒక పక్షం చంకలు గుద్దుకుంటుంది. కానీ ఆ తర్వాత ఏళ్లలో మిగతావాళ్లంతా నేల మీద పట్లు నేర్చుకున్నారు, కుస్తీవాళ్లు పంచ్ నేర్చుకున్నారు, ఒక్క విద్యతో గెలిచే రోజులు పోయాయి. 'చూశారా, అన్నీ కావాలి' అని రెండో పక్షం. నేను చూసేది మాత్రం వేరు. ఆ తర్వాత గెలిచినవాళ్లలో ఎక్కువమందికి ఒక పుట్టిల్లు ఉంది. లియోటో మచీడాకి షోటోకాన్. రోండా రౌజీకి జూడో, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాకే పంజరంలోకి వచ్చింది. 2024లో యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ పూజా తోమర్‌కి చైనా విద్య వుషు.

ఇక పతకమే లక్ష్యమైతే మన పక్కనే నిజామాబాద్ ఉంది. నిఖత్ జరీన్ మొదట పరుగు పందేల పిల్ల. బాక్సింగ్ పట్టుకున్నాక ఇంకోదాని వైపు చూడలేదు. 2011లో జూనియర్ ప్రపంచ విజేత, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో సీనియర్ ప్రపంచ విజేత. జూనియర్‌కీ సీనియర్‌కీ మధ్య పదకొండేళ్లు. మధ్యలో భుజానికి గాయం, ఎదురుచూపులు. ఆ పదకొండేళ్లలో మావాడు ఎన్ని డ్రెస్సులు కొనుండేవాడో.

కుదిరే జంటలు, కుదరని జంటలు

రెండోది ఎంచుకునేటప్పుడు జనం చేసే పెద్ద పొరపాటు మొదటిదానికి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకోవడం. సులువుగా వస్తుందని ఆశ. దగ్గరగా ఉన్నవే ఎక్కువ గందరగోళం పెడతాయి.

షోటోకాన్ వాడు షితో-ర్యూ అనే ఇంకో కరాటే శైలిలో చేరాడనుకోండి. కటా అంటే వరుసగా చేసే కదలికల పాఠం. మొదటి కటా షోటోకాన్‌లో హెయాన్ షోదాన్, షోదాన్ అంటే మొదటిది. అదే కటా షితో-ర్యూలో పినాన్ నిదాన్, అంటే రెండోది. ఫునకోషి వరుస మార్చేశాడు. కటా ఒకటే, కానీ నిలబడే లోతు వేరు, చెయ్యి తిరిగే తీరు వేరు. గ్రేడింగ్, అంటే బెల్టు పరీక్ష, రోజున మాస్టర్ కటా పేరు పిలవగానే బుర్ర ఒకటి మొదలుపెడుతుంది, కాళ్లు ఇంకోటి. కరాటే, తైక్వాండో జంటా అంతే. తైక్వాండో కట్టిన తొలితరం కొరియన్లలో కొందరు జపాన్‌లో షోటోకాన్ నేర్చినవాళ్లే, ఆ పోలికలు ఇప్పటికీ పోలేదు. రెండూ నేర్చుకుంటే ఖర్చు రెండింతలు, కొత్తగా వచ్చేది కొంచెం.

కొట్టే విద్యకి పట్టే విద్య జత కుదురుతుంది. కరాటే తర్వాత జూడో. బాక్సింగ్ తర్వాత కుస్తీ. మువాయ్ థాయ్ తర్వాత జియు-జిత్సు. రెండిటికీ ఉమ్మడి హద్దు తక్కువ కాబట్టి కొట్లాట తక్కువ. పట్టే విద్యల్లో కూడా లోటు పూడ్చే జంటలున్నాయి. జూడో పోటీల్లో కాళ్లు పట్టుకోవడాన్ని 2010లో కొంత, 2013లో పూర్తిగా నిషేధించారు. కాబట్టి ఈ కాలం జూడో నేర్చినవాడు తొడ అందుకుని లేపేవాడి ముందు తడబడతాడు. వాడికి ఫ్రీస్టైల్ కుస్తీ మంచి మందు.

ఒక్కదాంట్లోనే నాలుగున్న విద్యలు కూడా ఉన్నాయి. ఉత్తర కేరళ కలరిపయట్టునే చూడండి. ముందు మెయ్‌తారి, ఒళ్లు వంచడం. తర్వాత కోల్‌తారి, కర్రలు. ఆ తర్వాత అంకతారి, కత్తీ డాలూ. చివర వెరుంకై, వట్టి చేతులు. కర్ర, కత్తి అన్నీ అయ్యాక గానీ వట్టి చేతుల దాకా రానివ్వరు. విసుగు పుడుతుందనే భయంతో నాలుగు క్లాసుల్లో చేరేవాళ్లు ఇలాంటి ఒక్కదాంట్లో దిగితే సరిపోతుంది. మన కర్రసాము నేర్పే పెద్దలు దొరికితే అదీ చిన్న లోతేమీ కాదు.

ఎవరికి ఏది

పదేళ్లలోపు పిల్లలకి ఈ చర్చే అనవసరం. ఇంటికి దగ్గరున్న ఒక్క క్లాసు, వారానికి రెండు రోజులు. పడటం, లేవడం, వరుసలో నిలబడటం వస్తే చాలు. రకరకాలు చూపించాలంటే వేసవి ఉంది. జీహెచ్‌ఎంసీ ఏటా వేసవి శిబిరాలు పెడుతుంది, ఫీజు నామమాత్రం. రుచి చూడటం అక్కడ, కాపురం తర్వాత. స్పోర్ట్స్ కోటా ఆశ ఉన్న తల్లిదండ్రులు ఒక్కటి అడగండి: ఈ క్లాసు ఇచ్చే సర్టిఫికెట్ గుర్తింపు ఉన్న సంఘానిదేనా, స్కూల్ గేమ్స్‌లో ఈ ఆట ఉందా? ముఖ్యంగా కరాటేలో సంఘాలు పుట్టగొడుగులు. గోడ మీద 'ఇంటర్నేషనల్' అని ఉన్నంతమాత్రాన ఏమీ కాదు.

పంజరంలో ఆడాలన్న కోరిక గట్టిగా ఉన్న ఇరవై ఏళ్లవాళ్లు నా మూడేళ్ల నియమానికి మొదటి మినహాయింపు. వాళ్లు మొదటి రోజునుంచే ఎంఎంఏ (అన్ని విద్యలూ కలిపిన పోరు) జిమ్‌లో చేరడం మేలు. అక్కడ కొట్టడం, పట్టడం, నేల, మూడూ ఒకే నియమాల కింద కలిపి నేర్పుతారు కాబట్టి నేను చెప్పిన కొట్లాట తగ్గుతుంది. అయినా ఒకదాన్ని పుట్టిల్లుగా ఉంచుకొమ్మనే అంటాను.

ఆత్మరక్షణ కోసం వచ్చే ఆడపిల్లలకి 'అయిదు విద్యల్లోంచి ఏరిన ఇరవై మెళకువలు' అని అమ్మే వారాంతపు కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. అరవడం, గమనించడం, పారిపోవడం అక్కడ బాగానే చెబుతారు. మణికట్టు విడిపించుకునే మెళకువ మాత్రం అవతలివాడు నిజంగా బిగించి పట్టుకుంటే పనిచెయ్యదు, పదిమందితో పదినెలలు చేస్తే తప్ప. జూడో, జియు-జిత్సు, బాక్సింగ్, ఏదో ఒకటి, రోజూ ఎదురు తిరిగే మనిషితో చేయించేది చాలు. 2014లో మొదలైన పోలీసు షీ టీమ్స్ నంబరు ఫోన్లో ఉంచుకోండి, అది ఏ బెల్టూ లేకుండానే పనిచేస్తుంది.

ముప్పై అయిదు దాటి, చెమట పట్టాలి, మనసు తేలికపడాలి, అంతే అనుకునేవాళ్లు రెండో మినహాయింపు. నాలుగూ చేసుకోండి, ఎవరు వద్దన్నారు. మోకాలు చూసుకోండి. బ్లాక్ బెల్టు అవుతామని మాత్రం ఇంట్లో చెప్పకండి.

ఇప్పుడు అసలు తిట్టాల్సినవాళ్లు. నాలాంటివాళ్లు. పదేళ్లు ఒకే మాస్టర్ దగ్గర, ఒకే గుంపుతో చేసి, ఎవడి కాలు ఎప్పుడు లేస్తుందో ముందే తెలిసిన స్పారింగ్‌లో ఆరితేరినవాళ్లు. వీళ్లకి రెండో విద్య అవసరం, కానీ వెళ్లరు. నడుముకి నల్లబెల్టు కట్టిన చేత్తో మళ్లీ తెల్లది కట్టడానికి అహం ఒప్పదు. నా మొదటి జియు-జిత్సు క్లాసులో ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి, యాభై కిలోలుంటుందేమో, నా కాలర్ నాకే చుట్టి గొంతు బిగించింది. చాపని రెండుసార్లు తట్టి లొంగిపోయాను. "సారీ అన్నా, గట్టిగా పట్టానా?" అంది. అంకుల్ అననందుకు ఆ పిల్లకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆ సాయంత్రం నేర్చుకున్నంత కరాటేలో చివరి రెండేళ్లలో నేర్చుకోలేదు.

రెండోది చేర్చాల్సిన సమయం వచ్చిందో లేదో నాకు తెలిసిన పరీక్షలు రెండే. బాగా అలిసిపోయాక కూడా మొదటి విద్య చెదరకుండా నిలుస్తోందా? కొత్తగా వచ్చిన తెల్లబెల్టుకి మొదటి పాఠం నువ్వు చెప్పగలవా? రెండిటికీ అవునంటే వెళ్లు. లేదు, గ్రీన్ బెల్టు దగ్గర ఏమీ ఎదగట్లేదని విసుగొచ్చి వెళ్తున్నావంటే ఆగు. ఆ విసుగు కొత్త క్లాసులోనూ పదినెలలకి అడ్రసు కనుక్కుని వస్తుంది.

మన ఊళ్లో వెతికేటప్పుడు

హైదరాబాద్‌లో ఏ విద్య మంచిదన్న ప్రశ్నకంటే ఏది ఎంత దూరమన్న ప్రశ్న పెద్దది. నేను జియు-జిత్సుకి మాదాపూర్ వైపు వెళ్లేవాణ్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి, దిగి, ఆటో. క్లాసు గంటన్నర, రానూపోనూ రెండున్నర గంటలు. ఇలాంటివి వారంలో రెండు పెట్టుకుంటే మొదట చచ్చేది విద్య కాదు, సంసారం. రెండు కిలోమీటర్లలో ఉన్న మామూలు జూడో క్లాసు, ఇరవై కిలోమీటర్ల అవతలున్న గొప్ప జియు-జిత్సు క్లాసు కంటే మీకు ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే మీరు వెళ్తారు.

పాతబస్తీ వైపు ఉన్నవాళ్లు తాలీంఖానాలను తేలిగ్గా తీసుకోకండి. నిజాం కాలపు అరబ్బు సైనికుల బారక్‌ల పేరే ఇప్పటి బార్కస్. ఆ పేట పహిల్వాన్ల పేట. ఎర్రమట్టిలో దండీలు తీసి, ధోబీ పఛాడ్ అనే ఒక్క కుస్తీ పట్టునే నెలల తరబడి చేయించే వస్తాదు దగ్గర ఒకే విద్య లోతు ఏమిటో కంటికి కనిపిస్తుంది. అక్కడ ఇంకో మర్యాద కూడా ఉంది. వస్తాదుకి చెప్పకుండా ఇంకో తాలీం గడప తొక్కరు. ఏ విద్యలో ఉన్నా రెండోదాంట్లో చేరేముందు మొదటి మాస్టర్‌కి ఎదురుగా వెళ్లి చెప్పండి. మంచి మాస్టర్ అయితే 'వెళ్లి రా' అంటాడు. మొహం మాడ్చుకుంటే అదీ ఒక సమాచారమే.

అపార్ట్‌మెంటు సెల్లార్లలో, ఫంక్షన్ హాళ్లలో ఏడు విద్యల పేర్లు రాసిన బోర్డులు కనిపిస్తాయి, కింద ఒక్కరే మాస్టర్. ఏడిటికీ ఆయన గురువులెవరో అడగండి. అడిగితే కోపమొస్తే దండం పెట్టి వచ్చేయండి. మా తమ్ముడి కూతురికి ఒకచోట ఒకే రోజు రెండు బెల్టులు దాటించారు, రెండు గ్రేడింగ్ ఫీజులు తీసుకుని. ఇంటికొచ్చి ఆ పిల్లే అడిగింది, "పెదనాన్నా, మధ్య బెల్టుది నాకేమీ రాదుగా?" ఏడేళ్ల పిల్లకి తెలిసింది.

నేల చూడండి. గచ్చు మీద గెంతి తన్నే క్లాసులైతే మోకాళ్లు రెండేళ్లు ఆగవు. చాపల మీద నేర్పే చోట రోజూ తుడుస్తున్నారో లేదో చూడండి. మన ఎండకీ చెమటకీ తామర ఒకడి నుంచి క్లాసు మొత్తానికి పాకుతుంది. నాకూ వచ్చింది, నెలన్నర క్లాసు పోయింది. రెండు విద్యలు నేర్చుకునేవాళ్లు రెండు చాపల తామరకి అర్హులు.

మావాడికి చివరికి చెప్పింది ఇంతే: బాక్సింగ్ రెండేళ్ల తర్వాత, జియు-జిత్సు మానకు. బ్లూ బెల్టు వచ్చేదాకా నా దగ్గరికి ఇంకో విద్య పేరు తేవద్దన్నాను. కాసేపు గునిశాడు. సంక్రాంతికి ఫోన్ చేస్తే ఇంకా వెళ్తున్నానన్నాడు. పట్లలో నలిగి చెవి వాచిందట, గర్వంగా చెప్పాడు. కరాటే, తైక్వాండో డ్రెస్సులు వాచ్‌మన్ గారి పిల్లలకి ఇచ్చేశాడు. నల్లటి కుంగ్‌ఫూ డ్రెస్సు మాత్రం ఇవ్వలేదు. హోలీకి పనికొస్తుందట.